ఋత్విక్ అని రాయాలా, రిత్విక్ అనా?

అందరికీ నమస్తే. మా చెల్లికి బాబు పుట్టాడు, మొన్న ఇరవై ఒకటో రోజు తొట్టెల చేశాం, బియ్యంలో మా బావ ఋత్విక్ అని రాశాడు, తీరా బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఎక్కించే టైమ్‌కి ఇంట్లో రెండు మాటలయ్యాయి. మా అమ్మ రుత్విక్ అంటుంది. బావ వాళ్లు ఉండేది మలక్‌పేట, చుట్టూ హిందీ ఉర్దూ మాట్లాడేవాళ్లు, అందరూ రిత్విక్ అనే పిలుస్తారు కాబట్టి తెలుగులో కూడా అలాగే రాసేద్దాం అంటున్నాడు. ఏది కరెక్ట్ చెప్పండి.

జవాబు:

తమ్ముడూ, ముందు బాబుకి ఆశీస్సులు. పేరు మూలం ఋత్విజ్, ఋతువును బట్టి అంటే తగిన కాలంలో యజ్ఞం చేసేవాడు అని. హోత, అధ్వర్యుడు, ఉద్గాత, బ్రహ్మ అని నలుగురు ముఖ్యులు, సోమయాగానికైతే మొత్తం 16 మంది ఋత్విక్కులు ఉంటారు. రిత్విక్ అని రాశామంటే పేరులో ఉన్న ఋతువు కంటికి కనపడకుండా పోతుంది, నాకు బాధనిపించేది అదే.

ఇక పలకడం అంటావా, మనం రు అంటాం, హిందీ వాళ్లు రి అంటారు, ఇద్దరిలో ఎవరిదీ తప్పని నేననను. ‘ఋటురషాణాం మూర్ధా’ అని వ్యాకరణం చదివినవాళ్లు వల్లె వేస్తారు చూడు, ఋ పుట్టేది మూర్ధంలో అంటే అంగిలి పైభాగంలో, ఉ పుట్టేది పెదాల దగ్గర, ఇ పుట్టేది తాలువు అంటే అంగిలి ముందువైపు. అంటే అసలు ఋలో ఉకారమూ లేదు ఇకారమూ లేదు, అదే ఒక అచ్చు. అచ్చు అని ఎట్లా నమ్మాలంటే సంధి చూడండి, మహా, ఋషి కలిస్తే మహర్షి అవుతుంది, రాజర్షి కూడా అంతే. అది ఉత్త రు అయ్యుంటే మహారుషి అనేవాళ్లం కదా. మరాఠీ వాళ్లూ మనలాగే రు వైపే, క్రికెటర్ ఋతురాజ్ గైక్వాడ్ ఇంగ్లీషులో ఆర్ యు అనే రాసుకుంటాడు.

అందుకని తెలుగులో మాత్రం ఋత్విక్ తప్ప ఇంకోటి వద్దు. పేపర్లలో రుణమాఫీ, రుతుపవనాలు అని రాస్తారు, రోజూ వాడే మాటలు కాబట్టి సర్దుకుపోవచ్చు, కానీ పిల్లవాడి పేరు అట్లా కాదు, వాడు జీవితాంతం రాసుకోవాలి. ఫోన్ కీబోర్డులో ఋ ఉంటుంది, కొంచెం వెతికి కొట్టండి.

ఇంగ్లీషుకొస్తే రూల్ లేదు, అలవాటే. కృష్ణని మనం ఆర్ ఐ పెట్టి రాస్తాం, నోటితో క్రుష్ణ అంటాం, ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ కొత్త పేరుకి ఆ అలవాటు ఇంకా లేదు, టీచర్ అటెండెన్స్‌లో ఎలా ఉంటే అలా చదివేస్తుంది, ఇంట్లో అమ్మమ్మ పిలిచే పేరు బడిలో కూడా వినపడాలంటే ఆర్ యు పెట్టండి. త కి టీ హెచ్ పెట్టండి, హిందీ వాళ్లు టీ ఒక్కటే రాస్తారు, మన దగ్గర దాన్ని ట అని చదువుతారు.

ఏది పెట్టినా ఒక్కటే పెట్టండి. మా అబ్బాయికి స్కూల్ టీసీలో ఒక స్పెల్లింగు, ఆధార్‌లో ఇంకోటి పడి ఇంటర్‌లో చేరేటప్పుడు అఫిడవిట్ కోసం ఎన్ని రోజులు తిరిగామో మాకే తెలుసు. పేరు ఎక్కించడానికి పుట్టిన 12 నెలల దాకా ఫీజు ఉండదు, తర్వాత 15 ఏళ్ల వరకు లేటు ఫీజుతో చేస్తారు, కాబట్టి తొందరేం లేదు, ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి.

థాంక్స్ అక్కా. మహర్షి మాట బావకి చదివి వినిపించా, తెలుగులో ఋ కి ఒప్పుకున్నాడు. ఇంగ్లీషుది ఇంకా ఆలోచిస్తా అన్నాడు, అమ్మ మాత్రం ఆర్ యు దగ్గరే ఉంది.