నాలుగు వరుసల రోడ్డు: వేగాన్ని సూత్రంతో లెక్కించాలా, రోడ్డు మీద కొలవాలా?

మైలురాయి
మా పట్టణంలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల ప్రధాన రోడ్డును ఆరు వరుసలకు పెంచే ప్రతిపాదన మీద ముసాయిదా నివేదిక వచ్చింది. అందులో రద్దీ గంట వేగాన్ని 1964లో అమెరికా బ్యూరో ఆఫ్ పబ్లిక్ రోడ్స్ వారు ఇచ్చిన సూత్రంతో లెక్కించారు. వాహనాల సంఖ్యను సామర్థ్యంతో (రోడ్డు గంటకు మోయగలిగే సంఖ్యతో) భాగించి, ఆ నిష్పత్తిని నాలుగో ఘాతానికి హెచ్చించి, 0.15తో గుణించి, వచ్చిన మేరకు ఖాళీ రోడ్డు ప్రయాణ సమయాన్ని పెంచడమే ఆ సూత్రం. రెండు దిశల్లో కలిపి గంటకు 2,700 పీసీయూలు వచ్చాయి. పీసీయూ అంటే కారును ఒకటిగా పెట్టుకొని మిగిలిన వాహనాలను దానితో తూచే కొలమానమని తెలియనివారి కోసం చెబుతున్నాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో నగర రోడ్ల కోసం ఇచ్చిన ఐఆర్‌సీ 106 పట్టిక ప్రకారం సామర్థ్యాన్ని 3,600గా తీసుకున్నారు. ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం ఉంటుందనుకుంటే, ఈ లెక్కన రద్దీ గంటలో కూడా సుమారు 48 వస్తుంది. అదే గంటలో బస్సు ఎక్కితే 15 కూడా దాటడం లేదు. ప్రణాళికలో ఏ అంకె ఉండాలి?

గొలుసుకొలత
ఉద్యోగ జీవితమంతా రోడ్ల పనిలో గడిపినవాడిగా చెబుతున్నాను. ప్రణాళిక అనేది ఈ సాయంత్రం గురించి వేసేది కాదు. ఈరోజు కొలిచిన 15 కిలోమీటర్ల వేగం పదిహేనేళ్ల తరువాత ఎంత అవుతుందో ఏ ఫోను మ్యాపూ చెప్పలేదు, కాబట్టి సూత్రం లేకుండా ముందుకు పోలేము. ఏటా 5 శాతం పెరిగినా పదిహేనేళ్లలో వాహనాలు రెట్టింపు అవుతాయి. 5,400 పీసీయూలను 3,600 సామర్థ్యమున్న రోడ్డు మీద వేస్తే ఇదే సూత్రం వేగాన్ని 28కి దించుతుంది. ఆరు వరుసలు చేస్తే పట్టికలో సామర్థ్యం 5,400 అవుతుంది, వేగం 43 దాటి ఉంటుంది. నివేదిక అడిగే ప్రశ్నకు ఇదే జవాబు.

పాదరసం
పీసీయూల దగ్గరే పొరపాటు జరిగింది. ఆ పట్టిక ప్రకారం, ద్విచక్ర వాహనాలు మొత్తం రద్దీలో పది శాతం దాటితే ఒక్కొక్కటి 0.75గా లెక్కకు వస్తుంది. ట్రాఫిక్ ఇంజనీరింగ్ పరిశోధకులు సతీశ్ చంద్ర గారి పద్ధతిలో వాహనం వేగాన్నీ, అది రోడ్డు మీద ఆక్రమించే వైశాల్యాన్నీ రెండింటినీ చూస్తారు. కారు 5.39 చదరపు మీటర్లు, మోటారు సైకిలు 1.20 చదరపు మీటర్లు అనుకొని, రెండూ ఒకే వేగంతో పోతున్నాయంటే మోటారు సైకిలు విలువ 0.22 మాత్రమే. మన ఊళ్లలో సగానికి పైగా మోటారు సైకిళ్లే తిరిగే రోడ్ల మీద ఈ తేడా వల్ల లెక్క మొత్తం తలకిందులవుతుంది.

గొలుసుకొలత
తమ్ముడూ, 0.22తో వాహనాలను తూచి, 0.75తో తయారైన 3,600తో భాగిస్తావా? ఏ పుస్తకం పీసీయూ తీసుకుంటే ఆ పుస్తకం సామర్థ్యమే తీసుకోవాలి. 2017లో మన దేశ రోడ్ల సామర్థ్యం మీద వచ్చిన ఇండో హెచ్‌సీఎం పుస్తకం వాడదలిస్తే రెండూ అందులోంచే తీసుకో.

పాదరసం
రెండూ అందులోంచే తీసుకుందాం, అభ్యంతరం లేదు. 1990 నాటి పట్టికను ఇంకా ఎందుకు పట్టుకొని వేలాడుతున్నామన్నదే నా ప్రశ్న.

నాలుగు దారులు
పీసీయూలను కాసేపు పక్కన పెట్టండి. 48, 15 రెండూ నిజమే కావచ్చు, కొలిచిన చోట్లు వేరు. ఆ లెక్కింపు పెట్రోలు బంకు దగ్గర జరిగిందని నివేదికలోనే ఉంది, అక్కడ వాహనాలు సాఫీగానే పోతాయి. బస్సు మాత్రం సిగ్నల్ దగ్గర ఆగుతుంది. సిగ్నళ్లకు వాడే వెబ్‌స్టర్ సూత్రం ప్రకారం పచ్చదీపం ఆగకుండా వెలిగి ఉంటే గంటకు దాటగలిగే పీసీయూలు, మీటర్లలో వెడల్పును 525తో గుణించినన్ని. మనకు 7 మీటర్ల వెడల్పు ఉంది కనుక 3,675 వస్తాయి. 120 సెకన్ల ఆవృత్తిలో పచ్చదీపం 40 సెకన్లే అయితే అందులో మూడో వంతు, అంటే 1,225 మాత్రమే దాటుతాయి. ఒక దిశలో వచ్చేవి 1,350. గంట గడిచేసరికి 125 పీసీయూలు దాటలేక వరుసగా నిలిచిపోతాయి. మీ సూత్రానికి ఈ వరుస కనిపించదు, ఎందుకంటే అది 3,600ను చూస్తోంది తప్ప 1,225ను చూడటం లేదు.

ఇంకొక మాట. ఆ వరుస లోపలే నిలబడి లెక్కపెట్టి ఉంటే మరింత మోసం జరిగేది. 1935లోనే గ్రీన్‌షీల్డ్స్ చూపించినట్టు, ఒకే ప్రవాహం రెండు వేర్వేరు వేగాల వద్ద సాధ్యమవుతుంది. వాహనాలు తక్కువై వేగంగా పోయినా, ఎక్కువై నత్తనడక నడిచినా గంటకు దాటే సంఖ్య ఒకటే కావచ్చు. జామ్‌లో లెక్కపెట్టిన తక్కువ సంఖ్యను సూత్రంలో వేస్తే, రోడ్డు ఖాళీగా ఉందని చెబుతుంది.

గొలుసుకొలత
అయితే వెడల్పు చేస్తే కూడలి దగ్గర కూడా 10.5 మీటర్లు అవుతుంది కదా. 525తో గుణించి మూడో వంతు తీయండి, 1,800 దాటుతుంది. మీ సూత్రమే నా మాటను బలపరుస్తోంది.

నాలుగు దారులు
కూడలికి ముందు వంద మీటర్ల మేర వెడల్పు చేస్తే సరిపోయేదానికి, రోడ్డు పొడవునా గోడలు ఎందుకు కూల్చాలి?

కూడలి పక్క ఇల్లు
ఆ వంద మీటర్లలోనే మా ఇల్లు ఉంది. గోడ మీద ఎర్ర రంగుతో మార్కింగ్ వేసి వెళ్లారు. 48 అన్నవారూ మా ఇల్లు తీయాలంటున్నారు, 15 అన్నవారూ మా ఇల్లే తీయాలంటున్నారు. పోయినసారి వెడల్పు చేసినప్పుడు ఇంటి ముందు వరండా ఇచ్చాము, బదులుగా ఇచ్చిన టీడీఆర్ బాండును (వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు పత్రాన్ని) ఇప్పటికీ ఎవరూ కొనలేదు. ఇచ్చిన జాగాలో ఏం నడుస్తోందో తెలుసా? ఎదురుగా ఉన్న బట్టల దుకాణానికి వచ్చే కార్లు వరుసగా ఆగుతున్నాయి.

గొలుసుకొలత
మీ బాధ నాకు అర్థమైంది, కానీ ఒక ఇంటి కష్టం సామర్థ్యం లెక్కకు ఆధారం కాదు.

ఎర్రబస్సు
అదే అసలైన ఆధారమండీ. ఐఆర్‌సీ 106 పట్టిక కింద ఏముందో మీరు చదివే ఉంటారు. ఆ 3,600 ఎలాంటి రోడ్డుకు? పక్క ఇళ్ల నుంచీ దుకాణాల నుంచీ వాహనాలు నేరుగా రాని, రోడ్డు మీద బండి ఆగని, అడ్డంగా వచ్చే రద్దీ చాలా తక్కువగా ఉన్న ధమని రోడ్డుకు. పక్క ఇళ్లకు దారి ఉండి, బండ్లు మాత్రం ఆగకపోతే 2,900. బండ్లు ఆగే రోడ్డుకైతే, డివైడర్ లేని నాలుగు వరుసల రోడ్డుకు 1,800 అని ఉంది, డివైడర్ ఉన్న రోడ్డుకు అసలు అంకే ఇవ్వలేదు. రోడ్డంతా కార్లు ఆపుకొని 3,600 రాసుకున్నది మనం, తప్పు పుస్తకానిది కాదు. వేగం ఏ సూత్రంతో వేయాలన్నది ఆ తరువాతి సంగతి.

గొలుసుకొలత
మీరందరూ కాగితం మీద పార్కింగ్ తీసేస్తున్నారు! నేను పనిచేసిన ప్రతి ఊళ్లోనూ గీతలు గీయించాను, బోర్డులు పెట్టించాను, వారం గడిచేసరికి బండ్లు మళ్లీ అక్కడే ఉండేవి. దుకాణాల వాళ్లు ఎవరి చేతనో ఫోను చేయిస్తారు, క్రేన్ తిరిగి వెళ్లిపోతుంది. రోడ్డు వేయడం ఇంజనీరు చేతిలో ఉన్న పని, బండి తీయించడం కాదు. అందుకే ఆగే బండ్లకు కూడా చోటు కలుపుకొని వెడల్పు అడుగుతాం. ఇది మీకు నచ్చకపోవచ్చు, కానీ ఈరోజు భూమి తీసుకోకపోతే పదిహేనేళ్ల తరువాత అక్కడ అయిదంతస్తుల భవనాలు లేస్తాయి, అప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు.

ఎర్రబస్సు
ఇన్ని సమాధానాల తరువాత అసలు మాట బయటపడింది. కారు ఆపుకోవడానికి చోటు కావాలి కాబట్టి ఇల్లు తీస్తున్నాం, నివేదికలో మాత్రం అది వేగం పేరుతో ఉంది. పార్కింగ్ కోసం భూసేకరణ అని శీర్షిక పెట్టి ప్రజల ముందుకు రండి, ఎంతమంది ఒప్పుకుంటారో చూద్దాం. పైగా ఈ లెక్కలో బస్సును రద్దీలో దాని వాటాను బట్టి 2.2 నుంచి 3.7 కార్లకు సమానమైన అడ్డంకిగా తూస్తారు, అందులో యాభై అరవై మంది ఉన్నారన్న సంగతి ఏ గడిలోనూ ఉండదు. 2023 డిసెంబరులో మహిళలకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలైన తరువాత తెలంగాణ బస్సులు ఎంత కిక్కిరిసి నడుస్తున్నాయో అందరూ చూస్తున్నదే. మనుషులను లెక్కపెడితే మీ ప్రాధాన్యాలు మారిపోతాయి.

గొలుసుకొలత
మనుషులను లెక్కపెట్టవద్దని నేను ఎక్కడా అనలేదు. చేయించలేని నిబంధన మీద రోడ్డు సామర్థ్యాన్ని ఆధారపరచవద్దని అన్నాను. దాని మీద నా అభిప్రాయం మారదు.

పాదరసం
మోటారు సైకిలు 0.75 సంగతి ఇంకా తేలలేదు.

మైలురాయి
అభ్యంతరాలు పంపడానికి గడువు ఇంకా ఉంది. మూడు విషయాలు అడుగుతున్నాను: సిగ్నల్ దగ్గర దాటే వాహనాలను, వరుస తోక పెరిగే తీరును విడివిడిగా లెక్కించాలని, రోడ్డును ఏ తరగతి కింద చూశారో, బండ్లు ఆగుతున్న పొడవు ఎంతో చెప్పాలని, పార్కింగ్ తీసేస్తే, తీయకపోతే వచ్చే వేగాలను పక్కపక్కన చూపాలని. సర్వే మళ్లీ చేయించే అవకాశం ఉందని అంటున్నారు.

కూడలి పక్క ఇల్లు
చేయిస్తే, తేదీ ఎవరికీ ముందుగా చెప్పవద్దని కూడా అందులో రాయండి. పోయినసారి లెక్కపెట్టడానికి వస్తున్నారని తెలిసి ఉదయమే కార్లన్నీ తీయించారు. ఆ ఒక్క రోజు మా ఇంటి ముందు రోడ్డు నిజంగానే నాలుగు వరుసలుగా ఉంది.