చరైః పశ్యంతియా, చారైః పశ్యంతియా?

పాత ప్రతుల ప్రేమికుడు: చర్చిల్ గూఢచార వ్యవహారాల మీద వ్యాసం రాస్తుంటే విదురనీతిలోని పాదం ఒకటి వదలకుండా వెంటాడుతోంది. నా నోటికి "చరైః పశ్యంతి రాజానః" (రాజులు వేగులవారి ద్వారా చూస్తారు) అని వస్తోంది గాని, "చారైః" అని విన్నట్టు కూడా ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ సంకేత ఛేదన కేంద్రమైన బ్లెచ్లీ పార్కులో ఛేదించిన, జర్మన్ల ఎనిగ్మా యంత్రపు రహస్య సందేశాలు ఆయనకు తాళం వేసిన పెట్టెలో వచ్చేవి. ఆ వార్తలకు మూలం "బోనిఫేస్" అనే వేగులవాడని పైకి నమ్మించేవారు. అలాంటి మనిషే లేడు. మరి మనిషి లేని చోట ఈ పాదం చెల్లుతుందా?

ఛందోప్రియుడు: అనుష్టుప్పులో అయిదు, ఆరు, ఏడు అక్షరాలు "తి, రా, జా" గా సరిపోయాయి. మొదటి అక్షరం హ్రస్వమైనా దీర్ఘమైనా గణానికి ఇబ్బంది లేదు కనుక ఛందస్సు ఈ తగవు తీర్చదు. ప్రసిద్ధ పాఠం మాత్రం దీర్ఘమే.

అమరం అభిమాని: "చరః స్పశః, చారశ్చ గూఢపురుషశ్చ" అని అమరకోశ నిఘంటువులో అమరసింహుడు రెంటినీ పక్కపక్కనే చెప్పాడు. రెండూ మనిషినే చెబుతాయి.

పాత ప్రతుల ప్రేమికుడు: అమరం కాదనను గాని, చర్ ధాతువు నుంచి భావార్థంలో వచ్చిన "చారం" సంచారాన్ని, ఆరా తీయడాన్ని కూడా చెప్పగలదు కదా. దీర్ఘం నిలిస్తే, "ఆరాలతో చూస్తారు" అన్న అర్థంలో బోనిఫేస్ కూడా ఇమిడిపోతాడు.

అమరం అభిమాని: "చారైః" అన్న బహువచనం అడ్డు వస్తుందండీ; వేగులవారు ఒకరు కాదు, పలువురు ఉండాలి. ముగ్గురి మాట ఒక్కటైతేనే నమ్మమన్నాడు కౌటిల్యుడు, "త్రయాణామేకవాక్యే సంప్రత్యయః" అని. చర్చిల్‌కు ఆ ఓపిక తక్కువ. సారాంశాలతో తృప్తిపడక మూల సందేశాలనే తెప్పించుకునేవాడు. 1941 మేలో, ఉత్తర ఆఫ్రికాలోని జర్మన్ సేనాని రోమెల్ సేన అలసిపోయిందన్న జర్మన్ జనరల్ పౌలస్ నివేదిక చేతికి రాగానే అక్కడి బ్రిటిష్ సేనాధిపతి వేవెల్‌ను దాడికి తొందరపెట్టాడు; జూన్‌లో జరిగిన బ్యాటిల్‌యాక్స్ దాడి విఫలమైంది. సందేశం నిజమైనదే, దాన్ని చదివిన తీరులోనే లోపముంది.

నెల్లూరు పాఠకుడు: ఈ శ్లోకాన్ని విదురుడు ఎవరికి చెప్పాడో ఎవరూ పట్టించుకోవడం లేదు. రాజులు చారులతో చూస్తే మిగతా జనం కళ్ళతో చూస్తారని గుడ్డి రాజుకే చెప్పాడు! సంజయుడు పాండవుల దగ్గరి నుంచి వచ్చి, విషయం రేపు సభలో చెబుతానని వెళ్ళిపోయిన రాత్రి అది. వార్త తెలియక ధృతరాష్ట్రుడికి నిద్ర పట్టని ఆ ఘట్టాన్ని, మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉండి రాజుల ఆరాటం దగ్గర నుంచి చూసిన తిక్కనగారి కంటే బాగా తెలుగు చేయగలవారెవరు?

ఛందోప్రియుడు: తిక్కనగారి దాకా వెళితే ఈ రాత్రి మనకూ నిద్ర ఉండదు. అయినా సంజయుడు బాహాటంగా వెళ్ళిన రాయబారి. అతన్ని చారుడనడం కుదరదు.

నెల్లూరు పాఠకుడు: నేను చారుడనలేదు. రాజు ఎదురుచూపు సంగతే చెప్పాను. వెనక కొండంత అమరం ఉంది గదా అని ఉద్యోగపర్వాన్ని పక్కన పెట్టేస్తే ఎలాగండీ?

పాత ప్రతుల ప్రేమికుడు: సరే, వ్యాసంలో దీర్ఘమే వేస్తాను. అర్థం విషయంలో మాత్రం అమరంగారి తీర్పుకు ఇంకా లొంగలేదు.

అమరం అభిమాని: లొంగకపోతే, "చారైః" అన్న తృతీయకు భావార్థంలో మరో ప్రయోగం చూపించండి.