వైజాగ్ ఇంకో పాలో ఆల్టో అవ్వాలా? అయితే అందులో మనం ఉంటామా?

వాల్తేరు పాతకాపు:
అమెరికాలో మా పెద్దమ్మాయి దగ్గర ఆరు నెలలుండి పోయిన వారమే దిగాను. వాళ్లుండేది పాలో ఆల్టోలో, కంప్యూటర్ కంపెనీల సిలికాన్ వ్యాలీలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న ఊరు. వెళ్లకముందు నేనూ "వైజాగ్ రేపటి సిలికాన్ వ్యాలీ" అని పేపర్లో వస్తే చదివి మురిసిపోయినవాణ్ణే. ఊరు చూసొచ్చాక డౌటు పట్టుకుంది.

2020 లెక్కల్లో ఆ ఊరి జనాభా 68 వేల చిల్లర, మన గాజువాకలో ఓ మూలకి సరిపోతారు. చెట్లు, సైకిళ్లు, లైబ్రరీలు, చెప్పక్కర్లేదు, బావుంది. కానీ ఎప్పుడో కట్టిన ఒంటి అంతస్తు మూడు పడగ్గదుల ఇల్లు 30 లక్షల డాలర్ల పైమాట, మన లెక్కలో పాతిక కోట్లు. ఇంట్లో పైపు లీకైతే బాగుచేయడానికొచ్చినతను తెల్లారకట్ల బయల్దేరి రెండు గంటలు బండి నడుపుకుంటూ వచ్చాడట. ఎల్ కమినో రియల్ అని పెద్ద రోడ్డుంది, దాని చుట్టుపక్కల రోడ్ల మీద వరసగా బస్సులాంటి బళ్లు ఆగుంటాయి, వాటిల్లో మనుషులు కాపురాలుంటున్నారు. వాళ్లలో కొందరు పొద్దున్నే పనికి పోయేవాళ్లే. మనకి కావలసింది ఇదేనా?

ప్లాట్లబాబు:
మాష్టారూ, ఇల్లు పాతిక కోట్లయిందంటే ఆ ఊరు గెలిచినట్టే కదండీ, దానికి బాధెందుకు? ఒకప్పుడు మధురవాడ అంటే పిల్లనివ్వడానికి ఆలోచించేవారు, ఇప్పుడు అక్కడ గజం రేటు చెబితే నోరు తెరుస్తున్నారు. టీసీఎస్‌కి రుషికొండలో 21.16 ఎకరాలు, కాగ్నిజెంట్‌కి కాపులుప్పాడలో సుమారు 22 ఎకరాలు 2025లోనే నామమాత్రంగా 99 పైసలకి కేటాయించారు, గూగుల్ వాళ్లు డేటా సెంటరుకి ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామన్నారు. ఇన్నాళ్లూ మన పిల్లలు హైదరాబాదు, బెంగళూరు బస్సులెక్కారు. ఇప్పుడు ఇక్కడికే వస్తుంటే వద్దంటారా?

మద్దిలపాలెం మేష్టారు:
వద్దని ఎవరూ అనలేదు బాబూ. ఆ ఊరు ఎలా ఎదిగిందో చూడకుండా పేరు మాత్రం అరువు తెచ్చుకుంటున్నాం, నా గొడవ అదీ.

లీలాండ్ స్టాన్‌ఫర్డ్ రైల్వేల్లో గడించిన షావుకారు. ఒక్కగానొక్క కొడుకు 1884లో టైఫాయిడ్‌తో పోతే, ఆ పిల్లాడి పేరు మీద యూనివర్సిటీ పెట్టి 8 వేల పైచిలుకు ఎకరాలు రాసిచ్చాడు, ఆ నేల అమ్మకూడదని షరతు పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక యూనివర్సిటీకి నేల బోలెడుంది, చేతిలో డబ్బు లేదు. అమ్మడానికి లేదు కాబట్టి 1951లో కొంత భూమిని ఇండస్ట్రియల్ పార్కు చేసి కంపెనీలకి లీజుకిచ్చారు. ఫ్రెడరిక్ టర్మన్ అనే ఇంజనీరింగ్ డీన్ దీని వెనకున్నాడు. మొదట వచ్చిన వేరియన్ అసోసియేట్స్ కూడా ఆ ల్యాబుల్లో పనిచేసినవాళ్లు పెట్టుకున్నదే. అంటే కంపెనీలు బయట్నుంచి ఊడిపడలేదు, క్లాసురూముల్లోంచి నడిచొచ్చాయి, వచ్చినవి అద్దె కట్టాయి. గూగుల్ సంగతే తీసుకోండి, వెతుకులాట పద్ధతి మీద పేటెంటు యూనివర్సిటీదే, దానికి ప్రతిఫలంగా వచ్చిన షేర్లు 2005లో అమ్మితే 33 కోట్ల 60 లక్షల డాలర్లొచ్చాయి.

ఇక్కడ మన ఆంధ్రా యూనివర్సిటీకీ తక్కువేం లేదు. 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు వచ్చింది, కట్టమంచి రామలింగారెడ్డి గారు, తర్వాత రాధాకృష్ణన్ గారు వైస్ ఛాన్సలర్లుగా చేశారు, జయపురం మహారాజా విరాళాలిచ్చారు. కానీ రుషికొండకి ఎవరొస్తారు, ఏమిస్తారు అన్న మాటల్లో దాని పేరు ఎక్కడైనా విన్నారా? డేటా సెంటరంటే మిషన్లుండే గోడౌను, దానికి కావలసింది కరెంటూ నీళ్లూ. ఏలేరు, రైవాడ, మేఘాద్రి గెడ్డ, తాటిపూడి నీళ్లు ఊళ్లో జనానికే బొటాబొటీగా వస్తున్నాయి. కట్టేటప్పుడు వేలమంది పనిచేస్తారు, కట్టాక లోపల ఎంతమంది ఉంటారో అడగండి.

బే ఏరియా తెలుగోడు:
మేష్టారూ, నమస్కారం. నేను అక్కడ పదేళ్లుగా ఉంటున్నాను. ఒక చిన్న సవరణ: స్టాన్‌ఫర్డ్ క్యాంపస్‌లో చాలాభాగం పాలో ఆల్టో పరిధిలోకే రాదు, కౌంటీ (మన జిల్లా లాంటిది) కిందికొస్తుంది. ఇంకోటి, అన్నీ క్లాసురూముల్లోంచే రాలేదు. హెచ్‌పీ కంపెనీ పెట్టిన హ్యూలెట్, ప్యాకార్డ్ ఇద్దరూ టర్మన్ శిష్యులే గానీ మొదలెట్టింది 1939లో, అడిసన్ ఎవెన్యూలో ఒక అద్దింటి గ్యారేజీలో, 538 డాలర్లతో. మిగతా వాళ్లంతా వదిలేస్తున్న ముక్క ఇదే, అప్పట్లో ఆ ఊళ్లో ఏమీ లేని కుర్రాళ్లకి అద్దె ఇల్లు దొరికేది. ఇప్పుడు గ్యారేజీ కూడా దొరకదు.

పాతకాపు గారు చూసిన బళ్లకి కారణం కంపెనీలు కాదండీ, ఊళ్లో ముందే ఇళ్లున్న పెద్దమనుషులు. 1978లో కాలిఫోర్నియాలో ఓటేసి ఒక రూలు తెచ్చారు, ఇల్లు చేతులు మారేదాకా పన్ను కోసం లెక్కేసే ఇంటి విలువ ఏడాదికి 2 శాతం మించి పెరగకూడదని. అప్పట్లో కొన్నాయన నామమాత్రం పన్ను కడతాడు, పక్కింట్లో నిన్న దిగినాయన దానికి ఎన్నో రెట్లు కడతాడు. ఇక ఆ పాతవాళ్లకి కొత్త ఇళ్లు వస్తే ఎంత, రాకపోతే ఎంత? 2013లో పేద వృద్ధుల కోసం 60 ఫ్లాట్లు కడతామంటే ఊళ్లో ఎక్కువమంది వద్దని ఓటేసి ఆపేశారు. 2016లో సిటీ ప్లానింగ్ కమిషన్ సభ్యురాలే, లాయరు, మొగుడు సాఫ్ట్‌వేరు, ఇల్లు కొనే దారి లేదని రాజీనామా చేసి ఊరొదిలేసింది. యూనివర్సిటీ మాత్రం తన ప్రొఫెసర్లకి క్యాంపస్ నేల లీజుకిచ్చి ఇళ్లు ఉండేలా చూసుకుంది.

ఆనందపురం బస్సు:
మీరంతా ముందుముందు జరగబోయేది మాట్లాడుతున్నారు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, ఎంవీపీ కాలనీలో రెండు గదుల పోర్షన్‌లో తొమ్మిదేళ్లున్నాం. ఓనరు గారు పోయినేడు "ఏమీ అనుకోకమ్మా, ఐటీ పిల్లలు నలుగురొచ్చి మనిషికింత ఇస్తామంటున్నారు" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను, ఆయనకీ పిల్లలున్నారు. ఇప్పుడు ఆనందపురం నుంచి రోజూ బస్సు, పొద్దున్న ఆరున్నరకి ఎక్కితేనే సీటు. మీ పైపులాయన రెండు గంటలు నడిపాడన్నారు కదా, నావి గంటా ఇరవై నిమిషాలు. ఇంకా ఆ గూగుల్ డేటా సెంటరు తెరవనే లేదు!

వాల్తేరు పాతకాపు:
అమ్మా, నీ మాటకి నా దగ్గర జవాబు లేదు. నాకూ ఎంవీపీలో ఇల్లుంది, కింద పోర్షన్ అద్దెకే ఇచ్చాను. నువ్వు చెప్పిన ఓనరు నేను కాదు గానీ కానక్కర్లేదు కూడా.

ప్లాట్లబాబు:
చూశారా, అందరూ తిట్టే బిల్డరే చివరికి అక్కరకొస్తాడు. తెలుగోడు గారు చెప్పింది నాకర్థమైందేంటంటే అక్కడ కట్టనివ్వలేదు, అందుకే రేట్లు పెరిగాయి. మనం కట్టుకుంటూ పోదాం, పది అంతస్తులు వెయ్యనివ్వండి.

బే ఏరియా తెలుగోడు:
ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాలి, ఈ ఒక్క విషయంలో ప్లాట్లబాబు గారిదే రైటు. కాకపోతే మీరు వేసే పది అంతస్తుల్లో టీచరు కొనగలిగేది ఎన్నో అంతస్తు?

మద్దిలపాలెం మేష్టారు:
అందుకే నేల చేతిలో ఉంచుకోమంటున్నది. కంపెనీకి 22 ఎకరాలిచ్చేచోట రెండెకరాలు పక్కన పెట్టి టీచర్లకీ నర్సులకీ లీజు మీద ఇళ్లు కట్టమనండి. ఒక్కసారి కంచె వేశాక వెనక్కి అడగడం కుదరదు.

ఆనందపురం బస్సు:
మేష్టారూ, అది అయ్యేసరికి నేను రిటైరవుతాను. ప్లాట్లబాబు గారూ, కొమ్మాది వైపు రెండు గదుల ఫ్లాటు ఎంతలో ఉంది?

ప్లాట్లబాబు:
ఇన్‌బాక్స్‌కి రండమ్మా, మాట్లాడుకుందాం.

ఆనందపురం బస్సు:
ఇక్కడే చెప్పండి, అందరూ చూస్తారు.

ప్లాట్లబాబు:
సైటు విజిట్‌కి వస్తే చెప్తానండీ. కారు పంపిస్తాను.