డీఎన్‌ఏ పరీక్షలో ‘మాండింకా’ అని వస్తే మాండింకాలైపోతారా?

కరోలినా_కోడలు: మా ఆయన నల్లజాతి అమెరికన్, వాళ్ళది దక్షిణ కరోలినా. తల్లి వరస పరీక్ష చేయిస్తే ‘మాండింకా, గాంబియా’ అని వచ్చింది. మాండింకాలంటే పశ్చిమ ఆఫ్రికాలో ఒక జాతి. మా అత్తగారు ఆ కాగితానికి ఫ్రేమ్ కట్టించారు. ఇక మా పిల్లలు మాండింకాలమని చెప్పుకోవచ్చు కదా?

లెక్కల_గోపి: తొందరపడకండి. ఆ పరీక్ష చూసేది మైటోకాండ్రియా, అంటే తల్లి నుంచి మాత్రమే వచ్చే డీఎన్‌ఏ. అమ్మ, అమ్మమ్మ, ఆవిడ అమ్మ... ఒక్కటే వరస. పదో తరంలో లెక్కకు 1,024 మంది ఉంటే అందులో ఒక్కావిడ సంగతి తెలిసింది. ఆ గుర్తు వొలోఫ్, ఫులా జనాల్లోనూ దొరకొచ్చు. ‘సెనగాంబియా వైపు’, అంటే సెనెగల్, గాంబియాల ప్రాంతం అనండి, చాలు. పైగా మైటోకాండ్రియా తండ్రి నుంచి రాదు. మీ పిల్లలది మీదే, అంటే అమలాపురానిది.

చంటి_87: అమలాపురం మాండింకాలు 😀

సుధ_వి: మరి రిపోర్టులో ఆ పేరెలా వేశారు?

లెక్కల_గోపి: తమ దగ్గరున్న నమూనాలతో పోల్చి. ఉదాహరణకు, రకరకాల దేశాల జనాల డీఎన్‌ఏ సేకరించిన వెయ్యి జీనోమ్‌ల ప్రాజెక్టులో గాంబియా మాండింకా నమూనాలు 113. ఎవరి నమూనా ఉంటే వాళ్ళ పేరే పడుతుంది.

కరోలినా_కోడలు: 1870 జనాభా లెక్కలకు ముందు వాళ్ళ పెద్దల్లో చాలామందికి కాగితం మీద పేరే లేదు. 1860 బానిసల జాబితాలో యజమాని పేరు, దాని కింద ‘ఆడ, 30’. ఇంకెక్కడ వెతకమంటారు?

వేణు_బి: అక్కడ వంశాలు చెప్పే జాలీలు ఉంటారటగా, మన భట్రాజుల్లాగ.

లెక్కల_గోపి: జాలీకి కావాల్సింది ఇంటిపేరు. సీసే, తురే, కింతే... మాండింకాలది తండ్రి వరస. అమ్మ వైపు కాగితం పట్టుకెళ్ళి ఏం చెబుతారు? ఈ పరీక్షల సంగతి నాకు బాగా తెలుసు. నేను చేయించుకుంటే ఎవరో తెలియని తమ్ముడు తేలాడు. నాన్న ఇప్పటికీ నాతో మాట్లాడరు.

కరోలినా_కోడలు: మీ ఇంటి గొడవకు మా కాగితం ఏం చేసింది? ఇంతకీ మీ గోత్రం ఏ ల్యాబ్ చెప్పింది?

లెక్కల_గోపి: గోత్రం జోలికి రాకండి.

కరోలినా_కోడలు: వస్తాను. మా పెళ్ళిలో మా పెదనాన్న అందరి ముందూ ‘వాళ్ళది ఏ వంశం?’ అన్నారు. ఎవరో ఇంగ్లీషులో చెప్పారు కూడా. అత్తగారు తల దించుకున్నారు. ఇన్నాళ్ళకు ఆవిడకో జవాబు దొరికితే మీరు నమూనాలు లెక్కపెడుతున్నారు.

చంటి_87: ఇందాకటి జోకుకు సారీ అక్కా.

లెక్కల_గోపి: జవాబంటే పూర్తిగా ఉండాలి కదండీ. తండ్రి వరసకు వై క్రోమోజోమ్ పరీక్ష ఉంది. అదీ చేయించండి.

కరోలినా_కోడలు: చేయించాం. యూరప్ అని వచ్చింది. ఆ కాగితం బీరువాలో ఉంది.