ఎయిర్ రైఫిల్‌లో పాయింట్ 177 అంగుళాల స్లగ్స్ (బుల్లెట్ ఆకారంలో ఉండే, స్కర్ట్ లేని గుళ్ళు) టార్గెట్ పేపర్ మీద అడ్డంగా తగులుతున్నాయి, ఎందుకు?

హైదరాబాద్ నుంచి అడుగుతున్నా. నాది పీసీపీ (ముందే గాలి నింపి పెట్టుకునే) ఎయిర్ రైఫిల్, లైసెన్స్ అక్కర్లేని 20 జూల్స్ లోపుదే. శంకర్‌పల్లి దగ్గర మా తోటలో మట్టిగట్టు ముందు టార్గెట్ పెట్టి 25 మీటర్లలో కొడితే 8.4 గ్రెయిన్ బరువున్న పెల్లెట్స్ (మామూలు ఎయిర్ గన్ గుళ్ళు) అన్నీ రూపాయి బిళ్ళంత చోటే పడతాయి, కానీ 10 గ్రెయిన్ స్లగ్స్ వేస్తే 8 సెంటీమీటర్లు చెదిరిపోయి సగం తాళంచెవి రంధ్రంలా పడుతున్నాయి.

బ్యారెల్ క్లీన్ చేశా, స్కోప్ మౌంట్ బిగించా, గాలి ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్ 120 నుంచి 130 బార్‌కి పెంచా, ఏం మారలేదు. (స్లగ్స్ రేటు చూస్తే ఏడుపొస్తోంది.) క్లీనింగ్ రాడ్‌తో కొలిస్తే ట్విస్ట్ (గుండుని తిప్పే బ్యారెల్ లోపలి గాడుల మెలిక) 17 అంగుళాలకి ఒక చుట్టు వచ్చింది. పెల్లెట్‌కి తోక స్కర్ట్ ఉంటుంది కాబట్టి గాలే నిలబెడుతుంది, స్లగ్‌కి స్పిన్ ఒక్కటే దిక్కు అని తెలుసు, కానీ ఇవి లోడ్ చేసేటప్పుడు వేలితో నెడితే లూజుగా జారిపోతున్నాయి కూడా.

ఇదే బ్యారెల్‌లో పాయింట్ 178 సైజు స్లగ్స్ వేస్తే సెట్ అవుతుందా, లేక ఈ ట్విస్ట్‌కి స్లగ్స్ పనికిరావా?