ఉప్పుమడి నాచు క్యాప్సూల్స్ గుండె రక్తనాళాలకు పనిచేస్తాయా?

టెక్కలి చిన్నోడు:
మా నాన్నకి 61 ఏళ్లు. కిందటేడు స్టెంట్ వేశారు, బీడీ మాత్రం మానలేదు. మా బావ డునాలియెల్లా అనే ఉప్పుమడి నాచు నుంచి తీసిన బీటా కెరోటిన్ (క్యారెట్‌కి రంగునిచ్చే పదార్థం) క్యాప్సూల్స్ తెచ్చాడు. సహజమైనది కాబట్టి హాని లేదు, రక్తనాళాల్లో పూడిక తీసేస్తుంది అంటున్నాడు. వాడొచ్చా?

నౌపడ ఉప్పు:
వాడొచ్చు తమ్ముడూ. మండుటెండలో మడిలో నీరు చిక్కబడి ఉప్పు కట్టే ముందు ఎర్రగా తిరుగుతుంది చూశావా, ఆ రంగు ఈ నాచుదే. ఎండకు మాడిపోకుండా అదే కెరోటిన్ చేసుకుంటుంది. చెడ్డ కొలెస్ట్రాల్ రక్తనాళం గోడలో చేరి ఆక్సీకరణ చెందితేనే కదా పూడిక మొదలయ్యేది? దాన్ని కెరోటిన్ అడ్డుకుంటుందంటారు. ఇజ్రాయెల్ వాళ్లు ఈ నాచు పొడిని ఎలుకలకు పెట్టి చూస్తే పూడిక తగ్గింది.

ఆమదాలవలస అక్క:
ఆ ఎరుపులో ఉప్పునీటి సూక్ష్మజీవుల వాటా కూడా ఉందండి, అంతా నాచుదే కాదు. అది పక్కన పెట్టండి. ఎలుకల సంగతి నిజమే, కానీ బాబు నాన్నగారు బీడీ తాగే మనిషి. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లని 29 వేల మందికి పైగా తీసుకుని, వాళ్లలో సగం మందికి రోజుకి 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చి చూశారు. 1994లో ఫలితం వచ్చింది. మాత్ర వేసుకున్న వాళ్లలో ఊపిరితిత్తుల కాన్సర్ 18 శాతం ఎక్కువ. వాళ్లలోనే అంతకుముందు గుండెపోటు వచ్చినవాళ్లని విడిగా లెక్కేస్తే, గుండెజబ్బు చావులు కూడా పెరిగాయని 1997లో రాశారు. ఇంత తెలిసీ ఆయనకి ఆ డబ్బా ఎలా ఇస్తాం?

నౌపడ ఉప్పు:
అదంతా ఫ్యాక్టరీ కెరోటిన్ కదా అక్కా! అందులో ఒకే రూపం ఉంటుంది. నాచులో దాదాపు సగం 9-సిస్ అనే మరో రూపం. దీన్ని దానితో కలిపి కొట్టేస్తే ఎలా?

ఆమదాలవలస అక్క:
మంచి ప్రశ్న వేశారు, ఈ మాట చాలామంది అడగరు. రెండూ ఒకటి కావు, ఒప్పుకుంటాను. కానీ వేరే రూపమైనంత మాత్రాన గుండెపోటు తగ్గిస్తుందని ఎలా అంటాం? అది మనుషుల్లో పెద్ద ఎత్తున పరీక్షించి తేల్చాల్సిన సంగతి. పైగా మిగతా సగం ఆ ఫ్యాక్టరీ రూపమే కదా. పొగతాగని వాళ్లే ఎక్కువగా ఉన్న అమెరికా డాక్టర్లు 22 వేల మందిలో సగం మందికి బీటా కెరోటిన్ ఇచ్చి పన్నెండేళ్లు చూస్తే లాభమూ లేదు, నష్టమూ లేదు.

రాజాం రైతు:
కెరోటిన్ ఎక్కువున్నోళ్లకి గుండెజబ్బు తక్కువని నేనూ చదివాను. మరి అదేటి?

ఆమదాలవలస అక్క:
రక్తంలో కెరోటిన్ ఎక్కువంటే వాళ్లు కూరలు తింటారని, చాలావరకు పొగతాగరని అర్థం. మేలు దేనివల్లో ఎలా చెప్తాం? తోటకూర, మునగాకు, పండు గుమ్మడి వండుకుని, చెంచా నూనె తగలనివ్వండి. నూనె లేకపోతే ఆ కెరోటిన్ ఒంటికి సరిగా పట్టదు. తిండితో వచ్చే కెరోటిన్ విషయంలో ఆ భయం లేదు. డాక్టరు రాసిచ్చిన స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే బిళ్ల), రక్తం పలచబరిచే బిళ్ల మాత్రం ఒక్కరోజు కూడా మానిపించకండి. బీడీ సంగతి ఆ డాక్టరుతోనే గట్టిగా చెప్పించండి, కొడుకు మాట కంటే ఎక్కువ వింటారు.

టెక్కలి చిన్నోడు:
డబ్బా బావకి తిరిగిచ్చేస్తాను, అలిగితే అలగనీ. ఇంకో మాట, నాన్నది కిడ్నీ జబ్బులు ఎక్కువుండే ఉద్దానం. క్రియాటినిన్ కొంచెం ఎక్కువుందన్నారు. ఆకుకూరలు పెట్టొచ్చా?

ఆమదాలవలస అక్క:
ఇది ముందే చెప్పాల్సింది బాబూ! ఆకుకూరల్లో పొటాషియం ఎక్కువ. కిడ్నీ డాక్టరుకి చూపించి, రక్తంలో పొటాషియం ఎంతుందో తెలిశాకే ఎంత పెట్టాలో అడగండి. అప్పటిదాకా రోజూ మునగాకు అని మొదలుపెట్టకండి.