ఫ్రమ్ ఇంపోర్ట్‌తో పైథాన్‌లో తెచ్చుకున్న విలువ మారడం లేదు, ఎందుకు?

ప్రశ్న

సెట్టింగ్స్ అనే ఫైల్లో రేటు = 12 అని పెట్టాను. అదే ఫైల్లో మార్చు అనే ఫంక్షన్ ఉంది. గ్లోబల్ రేటు అని చెప్పి, ఇచ్చిన కొత్త విలువను రేటులో పెడుతుంది. మెయిన్ ఫైల్ ఇలా ఉంది:

ఫ్రమ్ సెట్టింగ్స్ ఇంపోర్ట్ రేటు, మార్చు
మార్చు(15)
ప్రింట్(రేటు)

15 రావాలి కదా, 12 వస్తోంది. ఎర్రర్ ఏమీ లేదు. మాడ్యూల్ (అంటే ఆ ఫైలు) మొత్తం లోడ్ అయితే ప్రోగ్రామ్ నెమ్మదిస్తుందని కావలసిన రెండే తెచ్చుకున్నాను. పైథాన్ 3.12. ఎక్కడ తప్పు జరుగుతోందండీ?

జవాబు 1

ముందు ఆ వేగం సంగతి. ఫ్రమ్ వాడినా సెట్టింగ్స్ ఫైలు మొదటి లైను నుంచి చివరిదాకా రన్ అవుతుంది, మాడ్యూల్ మొత్తం సిస్.మాడ్యూల్స్‌లో (లోడ్ అయిన మాడ్యూళ్లను పైథాన్ దాచుకునే పట్టికలో) చేరుతుంది. ఆ తర్వాతే మీరడిగిన పేర్లు మీ ఫైల్లోకి వస్తాయి. ఆ ఫైలు మొదట్లో ఒక ప్రింట్ పెట్టి చూడండి, తెలిసిపోతుంది. కాబట్టి మెమరీ గానీ సమయం గానీ మిగలవు. మిగిలేది టైపింగే.

ఇక 12 ఎందుకొస్తోందంటే, ఫ్రమ్ ఇంపోర్ట్ మీ ఫైల్లో రేటు అనే ఇంకో పేరును పుట్టిస్తుంది. ఆ క్షణానికి రెండు పేర్లూ అదే 12ను చూపిస్తుంటాయి. ఫంక్షన్‌లో గ్లోబల్ అంటే ఆ ఫంక్షన్ రాసిన ఫైలుకు గ్లోబల్ అని, పిలిచిన ఫైలుకు కాదు. మార్చు(15) సెట్టింగ్స్‌లోని పేరును 15 వైపు తిప్పింది, మెయిన్‌లోని పేరును ఎవరూ ముట్టుకోలేదు.

రన్ అవుతుండగా మారే విలువైతే ఇంపోర్ట్ సెట్టింగ్స్ అని రాసి, వాడిన ప్రతిచోటా సెట్టింగ్స్.రేటు అనండి. ఫంక్షన్లకు, క్లాసులకు, మారని విలువలకు ఫ్రమ్ హాయిగా వాడుకోవచ్చు.

లిస్టుల దగ్గర జాగ్రత్త. సెట్టింగ్స్‌లో లిస్టుకు అపెండ్ చేస్తే మీ ఫైల్లోనూ కనిపిస్తుంది, ఎందుకంటే వస్తువు ఒక్కటే. అదే పేరుకు కొత్త లిస్టు కేటాయిస్తే మళ్లీ ఇదే ఇబ్బంది.

జవాబు 2

టెస్టుల్లో మాక్ ప్యాచ్ (అసలు ఫంక్షన్ బదులు తాత్కాలికంగా నకిలీది పెట్టడం) పనిచేయలేదని వచ్చే ఫిర్యాదుల వెనక తరచూ ఉండేది ఇదే. మెయిన్‌లో ఫ్రమ్‌తో తెచ్చుకున్నాక "సెట్టింగ్స్.మార్చు"ని ప్యాచ్ చేస్తే మెయిన్ అసలు ఫంక్షన్నే పిలుస్తుంది. "మెయిన్.మార్చు"ని ప్యాచ్ చేయాలి: పేరు పుట్టినచోట కాదు, వాడినచోట. మాడ్యూల్‌ను మళ్లీ లోడ్ చేసే ఇంపోర్ట్‌లిబ్.రీలోడ్ కూడా ముందే తెచ్చుకున్న పేర్లను తాజా చేయదు.

జవాబు 3

పేర్లు ఒకదాన్నొకటి తొక్కేయడం కూడా ఇలాగే చడీచప్పుడు లేకుండా జరుగుతుంది. మ్యాథ్ నుంచి స్క్వేర్‌రూట్ ఫంక్షన్ తెచ్చుకుని, కింద సంకీర్ణ సంఖ్యల కోసం ఉన్న సీమ్యాథ్ నుంచి అదే పేరున్నది తెచ్చుకుంటే రెండోదే మిగులుతుంది. 4 ఇస్తే 2.0 బదులు 2+0జె వస్తుంది. రెండూ కావాలంటే ఒకదానికి యాజ్‌తో వేరే పేరు పెట్టండి.

ఫ్రమ్ ఓఎస్ ఇంపోర్ట్ స్టార్ (ఓఎస్ మాడ్యూల్‌లోని పేర్లన్నీ ఒకేసారి తెచ్చుకోవడం) మాత్రం అసలు రాయొద్దు. ఫైళ్లు తెరిచే మామూలు ఓపెన్ స్థానంలో ఓఎస్.ఓపెన్ వచ్చి కూర్చుంటుంది. దానికి ఫ్లాగ్స్ (ఫైలును ఎలా తెరవాలో చెప్పే విలువ) కూడా ఇవ్వాలి కాబట్టి, ఓపెన్("డేటా.టెక్స్ట్") అనగానే టైప్‌ఎర్రర్.

ప్రశ్న అడిగినవారు

సెట్టింగ్స్.రేటు అని మార్చాక 15 వచ్చింది, థాంక్సండీ. మార్చులో వాడటానికి మెయిన్‌లోని ఒక ఫంక్షన్‌ను సెట్టింగ్స్ పైభాగంలో ఫ్రమ్‌తో తెచ్చుకున్నాను. ఇప్పుడు "పార్షియల్లీ ఇనిషియలైజ్డ్ మాడ్యూల్" అని ఎర్రర్ వస్తోంది.

జవాబు 1

అది ఇంపోర్ట్‌ల వలయం: మెయిన్ సెట్టింగ్స్‌ను అడుగుతుంది, సెట్టింగ్స్ తిరిగి మెయిన్‌ను అడుగుతుంది. మీరు నేరుగా రన్ చేసిన ఫైలు పైథాన్ లెక్కలో మెయిన్ అనే మాడ్యూల్ కాదు, దానికి అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లున్న వేరే పేరు ఉంటుంది. అందుకే సెట్టింగ్స్ అడగ్గానే మెయిన్ ఫైలు రెండోసారి రన్ అవుతుంది. అప్పటికి సెట్టింగ్స్ పైలైన్లోనే ఆగి ఉంది, రేటు గానీ మార్చు గానీ ఇంకా పుట్టలేదు. ఇద్దరికీ కావలసిన ఆ ఫంక్షన్‌ను మూడో ఫైల్లో పెట్టి, రెండు ఫైళ్లూ దాన్నుంచే తెచ్చుకునేలా చేయండి.